బటన్ లేని అవసరం

మనిషికి మాటలు నేర్పడం శుద్ధ దండగ. నాలుగు బటన్లిచ్చి ఊరుకుంటే సరిపోయేది! నవ్వకండి. మా వదిన పనిచేసే బస్ డిపోలో ఈ సంగతి రుజువైంది.

ఏ డ్రైవరు ఏ పూట ఏ బస్సు నడపాలో చూసే సెక్షన్ వదినది. పదేళ్ల కిందట ఆవిడే కూర్చుని, స్కీమ్ అనే కంప్యూటర్ భాషకి ఇంటర్‌ప్రెటర్ రాసింది. అంటే మరేం లేదు, మనం ఒక లైను టైపు చేస్తే చదివి ఆ పని చేసిపెట్టే ప్రోగ్రాము. నల్లటి తెర, లైను నిండా బ్రాకెట్లు.

డ్రైవర్లు బెదిరిపోయారనుకున్నారా? వారంలో నేర్చేసుకున్నారు. "తెరిచిన బ్రాకెట్టు మూయాలి, అంతేగా అక్కా! బస్సు తలుపులాగే" అన్నాడు అందరూ పొడుగాయన అని పిలిచే డ్రైవరు.

ఎంత అరాచకమో చూడండి! ఎవరికి తోచిన ప్రశ్న వాళ్లు అడిగేవారు. పొడుగాయన భార్యకి కంటి వైద్యం నడుస్తోంది. గురువారం విడిచి గురువారం మధ్యాహ్నం ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 'ఆ పూటలు ఖాళీగా ఉండి, నా రూటు తెలిసినవాళ్లెవరు?' అని ఒక్క లైను కొట్టాడు. ఒక పేరు వచ్చింది. ఆ డ్రైవరుతో పూట మార్చుకుని భార్య వెంట వెళ్లాడు. ఫారం లేదు, సంతకం లేదు! ఇలాగైతే ఇక ఆఫీసులెందుకండీ?

అదృష్టం బాగుండి కొత్త మేనేజరు వచ్చాడు. తెర చూసి మొహం చిట్లించి, "ఇందులో బొమ్మ ఏదమ్మా?" అన్నాడు.

దాంతో వదిన ఎనిమిది నెలలు ఆ ఇంటర్‌ప్రెటర్‌కి విండోలూ మెనూలూ తగిలించింది. "ఇదివరకు టైపు చేయడం అయ్యేదాకా ఆగితే చాలు. ఇప్పుడు ఎవరు ఎప్పుడు ఎక్కడ నొక్కుతారోనని దీనికి ఒళ్లంతా చెవులుండాలయ్యా" అంది నాతో. మొదటి బటన్ నొక్కగానే లోపలికి దిగి పైకి లేచిన రోజున, నన్ను పిలిచి పదిసార్లు నొక్కించింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. నిజం చెప్పొద్దూ, చాలా ముద్దుగా ఉంది!

విండో అడుగున మాత్రం, లైన్లు టైపు చేసుకోవడానికి ఒక చిన్న పెట్టె ఉంచింది.

"ఇదెందుకు?" అన్నాడు మేనేజరు.

"అడగాల్సింది బటన్లలో లేకపోతే ఇక్కడ రాసుకుంటారండీ."

"అమ్మో, ఏమైనా రాసేస్తారు! తీసెయ్యండి."

తీసేసింది. ఆ సాయంత్రం ఇంట్లో కుట్టు మిషను ముందు కూర్చుని, కుట్టిందే విప్పి మళ్లీ కుట్టింది.

ఇంతలో పొడుగాయనతో పూట మార్చుకునే డ్రైవరుకి బదిలీ అయింది. పొడుగాయన కొత్త తెర ముందు కూర్చున్నాడు. 'సెలవు' నొక్కితే మిగల్లేవంది. 'డ్యూటీ మార్పు' నొక్కితే కారణం ఎంచుకోమంది. సొంత అనారోగ్యం, కుటుంబంలో మరణం, బదిలీ. అంతే.

"వీటిలో నాకు దేనికీ అర్హత లేదక్కా" అన్నాడు.

వదిన మేనేజరు దగ్గరికి వెళ్లింది. "బటన్ లేదంటే, అది అంత అవసరమైన అవసరం కాదన్నమాట" అన్నాడాయన. ఎంత లోతైన మాట! గోడ మీద రాయించుకోవాలి.

చివరికి పొడుగాయన భార్యని తన బస్సులోనే ఎక్కించుకుని ఆసుపత్రి స్టాపులో దింపాడు. తిరుగు ట్రిప్పులో ఎక్కించుకుంటానన్నాడు. కంట్లో చుక్కలు వేశాక ఆవిడకి బస్సు బోర్డు కనపడదు. అందుకని రెండుసార్లు హారన్ కొట్టాడు. ఆసుపత్రి ముందు హారన్ కొట్టకూడదు కదా! మర్నాడు తెర మీద మెమో వచ్చింది. జవాబు రాయడానికి చోటు లేదు. 'సరే' అని ఒక్క బటనుంది. నొక్కాడు.

మొన్న గురువారం ఆ తిరుగు ట్రిప్పులో నేనూ ఉన్నాను. హారన్ మళ్లీ రెండుసార్లు మోగింది. హారన్ కూడా బటనేగా అని మురిసిపోయాను. ఆవిడ తలుపు కమ్మీ కోసం గాల్లో తడుముతూ వచ్చింది. పొడుగాయన సీట్లోంచి వంగి, "ఇటు, ఇటు. రెండు మెట్లున్నాయి, మెల్లిగా" అన్నాడు.

ఆ ముక్కకి ఇంకా బటన్ తయారవలేదు. ఈ లోపాన్ని మేనేజరుగారి దృష్టికి తేవాలనుంది. ఎక్కడ నొక్కాలో తెలిస్తే కాస్త చెబుదురూ!