జెండా కర్ర దగ్గరకొచ్చింది

ప్రయాణ భద్రతా వారోత్సవాలను ప్రారంభించడానికి మంత్రిగారు ఆరు సీట్ల విమానంలో బయలుదేరిన ఉదయం, ఆ చిన్న విమానాశ్రయంలో విమానం తప్ప అన్నీ సక్రమంగానే ఉన్నాయి.

మెకానిక్కు మూడు రోజులుగా రిజిస్టరులో ఒకటే రాస్తున్నాడు: "ఇంజను దగ్గుతోంది. ఎగరనివ్వకండి." మేనేజరుగారు ప్రతిసారీ శ్రద్ధగా చదివారు. 'దగ్గు' అనే మాట సంస్థ గౌరవానికి భంగకరమని కొట్టేసి, "ఇంజను తన అభిప్రాయం వ్యక్తం చేస్తోంది" అని సవరించి సంతకం పెట్టారు. అభిప్రాయాలను పట్టించుకునే ఆనవాయితీ ఆ సంస్థలో లేదు.

పైగా ఆ రోజు పొగమంచు. రన్‌వే చివరి జెండా కర్ర ఆఫీసులోంచి కనబడకపోతే విమానం ఎగరరాదని నిబంధన. మేనేజరుగారు నిబంధనలంటే ప్రాణమిచ్చే మనిషి. నలుగుర్ని పంపి ఆ కర్రను పీకించి, తన కిటికీ ముందు పాతించారు. ఇక అది కనబడటం లేదని ఎవరూ అనలేకపోయారు.

నడపబోయేది మెకానిక్కు సొంత అల్లుడు.

"ఎక్కకు బాబూ. ఒంట్లో బాగాలేదని చెప్పెయ్," అన్నాడు మెకానిక్కు, షెడ్డు పక్కకు పిలిచి.

"చెప్పాను మామయ్యా. వారోత్సవాలయ్యాక బాగోకపోయినా పర్లేదన్నారు మేనేజరుగారు."

మెకానిక్కు వెళ్ళి, అప్పటికే తుడిచిన విమానం అద్దాన్ని మళ్ళీ తుడిచాడు.

విమానం లేచింది. నాలుగో నిమిషంలో ఇంజను అభిప్రాయం చెప్పడం మానేసింది. మంచులో ఏమీ కనబడలేదు గానీ, ఆ నిశ్శబ్దం మెకానిక్కుకు వినబడింది. చేతిలో రెంచి ఉందన్న సంగతి కూడా మరిచి, చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియకుండా పరుగెత్తాడు.

అల్లుడు విమానాన్ని వెనక్కి తిప్పి, ఎలాగోలా రన్‌వే పక్క క్యాబేజీ తోటలో దించాడు. అతని రెండు కాళ్ళూ విరిగాయి. మంత్రిగారికి చొక్కా నలిగింది. ఆయన వెంటనే క్యాబేజీల మధ్య నిలబడి, తోటవాళ్ళిద్దరినీ ఉద్దేశించి వారోత్సవాలను ప్రారంభించారు.

"మన భద్రతా ఏర్పాట్లకు నేనే సజీవ నిదర్శనం," అన్నారు. అంతవరకూ అది నిజమే.

అల్లుడు మామగారి చెయ్యి పట్టుకున్నాడు. "మామయ్యా, మీ అమ్మాయికి మీరే చెప్పండి. నాకు భయంగా ఉంది." మెకానిక్కుకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

విచారణ సంఘం నెల తిరక్కుండానే నివేదిక సమర్పించింది. పొగమంచు ముందస్తు అనుమతి లేకుండా వచ్చిందని, క్యాబేజీలను ఎత్తుపల్లాలుగా పెంచడం బాధ్యతారాహిత్యమని తేల్చింది. ప్రమాదం సంగతి మూడు రోజుల ముందే తెలిసిన ఏకైక వ్యక్తి మెకానిక్కేనని రాతపూర్వకంగా రుజువైనందున, అతన్ని సస్పెండు చేసింది. అతని స్థానంలో వచ్చిన కుర్ర మెకానిక్కు రోజూ "బాగుంది" అని రాస్తున్నాడు. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది.

పరామర్శకు మెకానిక్కు ఇంటికి వీధి వీధంతా కదిలొచ్చింది. రిపేరు చేయకుండా ఎగరేయడమేంటని అందరూ నిప్పులు చెరిగారు. ఇలాంటి సంస్థను మూసేయాలన్నారు. అల్లుడి కట్లు చూసి ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

వెళ్తూ వెళ్తూ ఎదురింటి లెక్కల మాస్టారు గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించారు.

"ఆదివారం మేమంతా అదే సంస్థ విమానంలో వెళ్తున్నామండీ. బస్సయితే నాలుగు గంటలు ఎక్కువ. మీకైతే తెలుస్తుందని అడుగుతున్నా, ఏ వైపు కిటికీ మంచిది?"

మెకానిక్కు జవాబు వెతుక్కునేలోపు, ముందు వెళ్ళిపోయిన వాళ్ళు కూడా వినడానికి వెనక్కి వచ్చారు.