ఏ గడియారం ప్రకారం?

ఆ శనివారం యాత్రారచయిత వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి బయల్దేరి గంటలో ఊరు చుట్టేయడం, పదకొండింటికి నాన్నని మోకాళ్ళ డాక్టరుకి చూపించడం, సాయంత్రంలోగా నాలుగు పేజీలు సరిచేసి ప్రచురణకర్తకి పంపడం. ముప్ఫై ఏడు దేశాలు తిరిగొచ్చినవాడికి సొంత ఊరు ఒక లెక్కా?

తిరగడం మానేసి ఊరొచ్చి ఆరు వారాలైంది. అమ్మానాన్నల ఇంటికి రెండు వీధుల అవతల, మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాడు. "ఇక ఎక్కడికీ పోనమ్మా, మీ దగ్గరే" అని గుమ్మంలో సంచి దించిన రోజున అమ్మ సంతోషించిన మాట నిజమే. సంతోషించి, కళ్ళు తుడుచుకుని, "శనివారాలు మాత్రం రాకు నాయనా, మాకు పనుంటుంది" అంది. డెబ్బై దాటినవాళ్ళకి పనేమిటని అతను అడగలేదు. అడిగే అలవాటు ఆ ఇంట్లో అతనికి మొదట్నుంచీ తక్కువే.

అసలు దిగులు ఆ నాలుగు పేజీల గురించే. అతని పుస్తకాల్లో బాగా అమ్ముడైనదానికి కొత్త ముద్రణ వస్తోంది. దానికి చివరి అధ్యాయం 'మా ఊరు'. చదివినవాళ్ళంతా కళ్ళనీళ్ళు పెట్టుకున్న అధ్యాయం. అయిదేళ్ళ కిందట విమానం ఆలస్యమై, ఎక్కడో విమానాశ్రయంలో కూర్చుని, ఊళ్ళో అడుగు పెట్టకుండా చిన్నప్పటి జ్ఞాపకం మీద ఒక్క ఊపున రాసేశాడు. ఊరెక్కడికి పోతుంది, ఉన్నచోటే ఉంటుందిగా అనుకున్నాడు. ఊరు ఉన్నచోటే ఉంది. అందులో ఉన్నవే ఒక్కటీ లేవు.

బయల్దేరే ముందు ఇంటికి ఫోన్ చేశాడు.

"నాన్నేం చేస్తున్నారమ్మా?"

"పడుకున్నారు."

"ఇప్పుడా?"

"మోకాళ్ళ నొప్పులాయె, పడుకోక గంతులేస్తారా? నువ్వు ఇంటికి రాకు. సరాసరి ఆస్పత్రికే రా. నేను గచ్చు కడుగుతున్నా" అని అమ్మ టక్కున పెట్టేసింది.

'స్టేషను మెట్లు దిగి ఎడమకి తిరగండి' అని మొదలవుతుంది అతని అధ్యాయం. తిరిగాడు. గోడ. వెనక్కొచ్చి మళ్ళీ తిరిగాడు. అదే గోడ. మూడోసారి ట్రాఫిక్ పోలీసు చూసి జాలిపడ్డాడు.

"ఊరికి కొత్తా?"

పుట్టిందిక్కడేనని చెప్పడానికి నోరు రాక, "ఆఁ" అని నీళ్ళు నమిలాడు.

"గడియారాలాయన కోసమేగా? పుస్తకం చూసొచ్చేవాళ్ళంతా ఈ గోడకే వచ్చి గుద్దుకుంటారు. వెనక్కెళ్ళి కుడివైపు సందు. రాసినోడెవడో ఒక్కసారి దొరికితే బాగుణ్ణు నాకు."

రచయితకి చెవులు ఎర్రబడ్డాయి గానీ, లోపల కొంచెం గర్వంగానూ ఉంది. గడియారాలాయన ఆ అధ్యాయానికి ప్రాణం. గోడ నిండా గడియారాలు, ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తుంది. టైమెంతని అడిగితే ముసలాయన తలెత్తకుండా, "ఏ గడియారం ప్రకారం బాబూ?" అంటాడు. అయితే ఆయన ఇంకా ఉన్నాడన్నమాట!

సందులో గడియారాల కొట్టు లేదు. ఫోన్ కవర్ల కొట్టుంది. దాని ముందు ఏడుగురు వరసలో నిలబడ్డారు, ఏడుగురి చేతుల్లోనూ అతని పుస్తకం. రచయిత జుట్టు సర్దుకుని, ఉన్నంతమేరకు, ఎవరైనా గుర్తుపట్టడానికి వీలుగా కాస్త పక్కకి తిరిగి నిలబడ్డాడు.

కవర్ల కొట్టతను చెయ్యి ఊపాడు. "లైన్లో రండి సార్, లైన్లో. అందరికీ చూపిస్తారు పెద్దాయన."

ముందున్న కళ్ళజోడాయన వెనక్కి తిరిగి, "పుస్తకం తెచ్చుకోలేదా? అయ్యో, ఇది చదవకుండా వస్తే ఏం తెలుస్తుందండీ" అని అధ్యాయమంతా ఏకరువు పెట్టడం మొదలెట్టాడు. మధ్యలో ఒక మాట తప్పితే రచయిత సరిదిద్దాడు. ఆయన నొచ్చుకుని, "మీరు సరిగ్గా చదవలేదండీ" అన్నాడు.

వరస కదిలింది. కొట్టు వెనక చిన్న గది. గోడకి పదకొండు గడియారాలు. వాటి కింద బల్ల, బల్ల వెనక మాసిన కోటులో కంటికి భూతద్దం బిగించుకున్న ముసలాయన. ఆ కోటు రచయిత పదేళ్ళ కిందట చలిదేశం నుంచి పంపింది. లోపలున్నది నాన్న.

నలభై ఏళ్ళు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసిన మనిషి ఇక్కడేం చేస్తున్నట్టు? ఇంట్లో జరుగుబాటు లేక కూలికి కుదిరారా? మతిగానీ తప్పిందా? అందుకేనా అమ్మ గచ్చు కడుగుతున్నానని ఇంటికి రావద్దంది? తప్పించుకుందామంటే వెనక కళ్ళజోడాయన భార్య దారికడ్డంగా నిలబడి ఉంది. వంతు రానే వచ్చింది.

"అడగండి, అడగండి" అని అందరూ తోశారు.

"టై... టైమెంతండీ?"

"ఏ గడియారం ప్రకారం బా..." నాన్న తలెత్తారు. కంట్లోంచి భూతద్దం ఊడి బల్లమీద పడి దొర్లింది. ఒక్క క్షణం. తర్వాత దాన్ని తీసి మళ్ళీ కంటికి బిగించుకుని, "బాబూ" అని వాక్యం పూర్తిచేసి, "తర్వాత ఎవరు?" అన్నారు.

తర్వాత, అతని వెనక వచ్చి వరసలో చేరిన ఒక పెద్దావిడ. పోయిన మొగుడి చేతివాచీ తీసి బల్లమీద పెట్టింది. "మీరు ముట్టుకుంటే ఎంతటిదైనా నడుస్తుందని రాశాడుగా ఆ అబ్బాయి. ఆగిపోయి ఆరేళ్ళయింది."

"వచ్చే శనివారం రామ్మా, చేసిపెడతాను."

"నలభై నిమిషాల్లో నా బండి. ఇప్పుడే చూడండి బాబూ, మీకెంతసేపు?"

ఏడుగురూ మెడలు చాచారు. నాన్న వాచీని అటు తిప్పారు, ఇటు తిప్పారు. పోస్టాఫీసులో పార్సిలు విప్పినట్టు గోటితో వెనక మూత లేపారు. టింగుమని ఏదో సన్నటిది గాల్లోకి లేచి గదిలో ఎక్కడో పడింది.

"కదలకండి!" అని అరిచాడు కళ్ళజోడాయన, తనే అందరికన్నా ముందు కదిలి. మరుక్షణం ఏడుగురూ నేలమీద పాకుతున్నారు. పెద్దావిడ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. తెరిచిన వాచీని రెండు చేతులా పట్టుకుని దానికేసే చూస్తోంది.

రచయిత ఇక ఆగలేకపోయాడు. "అందరూ ఒక్కమాట వినండి. ఈయనకి వాచీల పని రాదు. ఈయన మా నాన్న. ఆ పుస్తకం రాసింది నేను. తప్పంతా నాది."

నేలమీంచి ఏడు తలలు లేచాయి. కళ్ళజోడాయన పుస్తకం వెనక అట్ట తిప్పి అతని పక్కన పెట్టి చూశాడు.

"ఇందులో జుట్టుందే?"

"అది పాత ఫొటో అండీ."

"ఇందాక అధ్యాయమే సరిగ్గా రాలేదు ఈయనకి" అని సాక్ష్యం చెప్పి, నాన్నకేసి తిరిగాడు. "తాతగారూ, ఈయన మీ అబ్బాయా?"

నాన్న కొడుకుని తేరిపార చూశారు. ఆస్పత్రిలో కళ్ళ పరీక్ష చేసేవాడు అక్షరాలు చూపిస్తే చూసినంత శ్రద్ధగా చూశారు.

"ఎప్పుడూ చూడలేదు బాబూ" అన్నారు.

"పెద్దమనిషి పరువు తియ్యడానికి వచ్చావా?" అని మీదికొచ్చారంతా. కవర్ల కొట్టతను రచయిత భుజం పట్టి బయటికి నడిపించుకొచ్చి, సందు మొదట్లో వదిలాడు.

"నాకు తెలుసు సార్ మీరెవరో. పెద్దాయన ఫోన్‌లో మీ ఫొటోయే ఉంది. ఆయన కాదన్నాక నేనెట్లా ఔనంటాను?"

"అసలాయన ఏమయ్యాడు?"

"పోయి తొమ్మిదేళ్ళు. మీరు పుస్తకం రాసేనాటికే లేడు. నాలుగేళ్ళ కిందట ఒకమ్మాయి మీ పుస్తకం పట్టుకొచ్చి, లేడంటే నా మెట్ల మీద కూలబడిపోయింది. మీ నాన్నగారు ఫోన్‌కి కవరు వేయించుకుంటున్నారు. తప్పు అడ్రసు చూస్తే ఆయనకి నిద్రపట్టదుగా. 'నాకోసమేనా అమ్మా?' అన్నారు. అంతే సార్. ఆ గడియారాలన్నీ ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చినవే. ఇచ్చిన వాచీలు పట్టుకుని పెద్దబజారు దాకా నడిచివెళ్ళి బాగుచేయించుకొస్తారు. మోకాళ్ళుంటాయా మరి?"

పదకొండుంబావుకి నాన్న ఆస్పత్రికి వచ్చారు, కోటు మడిచి చంకలో పెట్టుకుని. బెంచీమీద కొడుకు పక్కన నెమ్మదిగా కూర్చున్నారు.

"ఆవిడ వాచీ?"

"స్ప్రింగు కళ్ళజోడాయన జేబులో దొరికింది. పొట్లం కట్టి అడ్రసు రాయించుకున్నా. పంపిస్తానంటే నమ్మింది పాపం."

"నన్నెప్పుడూ చూడలేదన్నారు."

"మరేమనమంటావురా? నువ్వు నా కొడుకువంటే, నేనెవర్నని చెప్పాలి వాళ్ళకి?"

కొడుకు చేతిలోని నంబరు చీటీ మడిచాడు. "నాలుగేళ్ళ నుంచీ ఇదంతా ఎందుకు నాన్నా? అబద్ధం రాశాడని నన్నే తిట్టుకోనిస్తే పోయేదిగా" అన్నాడు.

నాన్న మోకాలు నిమురుకున్నారు.

"నీ 'మా ఊరు'లో పద్నాలుగు మంది ఉన్నార్రా. గడియారాలాయన, లైబ్రరీలో తుమ్ములావిడ, చెప్పులు కుట్టేవాడు, మన వీధి కుక్క. మీ అమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది."

లోపల్నుంచి నంబరు పిలిచారు. లేవబోతే చెయ్యందించాడు కొడుకు. నాన్న అలవాటు లేక గోడ పట్టుకుని లేచారు.

ఆ మధ్యాహ్నం రచయిత అమ్మానాన్నల ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ నాలుగు పేజీలూ కొట్టేసి మొదటినుంచి రాశాడు. గోడ గురించి రాశాడు. కవర్ల కొట్టు, పోయిన గడియారాలాయన, ఆయన కుర్చీలో కూర్చున్న పోస్టాఫీసు మనిషి, గచ్చు కడిగిన అమ్మ, అయిదేళ్ళ కిందట ఊరు చూడకుండానే ఊరి గురించి రాసేసిన కొడుకు, ఏదీ దాచలేదు. అమ్మ చదివి, వేళ్ళు మడిచి, "పదిహేను, పదహారు" అంది. నాన్న రెండుసార్లు చదివి, "మోకాళ్ళ సంగతి తీసెయ్, చదివేవాళ్ళు దిగులుపడతారు" అని మాత్రం అన్నారు. కానీ ఆ కాగితాలు బల్లమీద పెట్టడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

సోమవారం ప్రచురణకర్త దగ్గర్నుంచి జవాబొచ్చింది. 'పాత అధ్యాయమే ఉంచుతున్నాం. కొత్తదాంట్లో గోడ బాగుంది గానీ, ఆ తండ్రి మరీ కల్పించినట్టున్నాడు. అలాంటివాళ్ళు ఉంటారంటే పాఠకులు నమ్మరు.'

ఇరవై ఏళ్ళ రాతల్లో, కల్పితమని అతనికి తిరిగొచ్చిన పేజీలు అవే మొదలు.