కాటుకకు మెరుగు

పన్నెండింటికి అత్తగారు వచ్చేలోగా కాటుక ఒళ్ళు అద్దంలా మెరవాలి. ఇదీ ఆ ఉదయం అల్లుడు వేసుకున్న ప్లాను. కాటుక అంటే అత్తగారి పిల్లి. నున్నటి నల్లటి జాతి. ముక్కు, అరికాళ్ళు కూడా నలుపే. నాలుగు రోజుల కిందట ఊరెళ్తూ ఆవిడ దాన్ని కూతురింట్లో దింపి, అల్లుడి చేతిలో ఒక కాగితం పెట్టింది: రోజూ తడిగుడ్డతో తుడవాలి, ఎక్కువసేపు ఎండలో వదిలితే బొచ్చు ఎర్రబారుతుంది, ఒంటరిగా ఉంచకూడదు. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ అతనికి అప్పగించిన మొదటి పని ఇదే. "మా అల్లుడికి వాచీలు బాగుచేయడం తప్ప ఏదీ చేతకాదు" అనే మాట ఇక వినకూడదని అతను పంతం పట్టి షాపు కూడా మూసేశాడు.

గుడ్డ తడిపి తెచ్చేసరికి పిల్లి లేదు. మంచం కింద దూరాడు. వాషింగ్ మెషిన్‌లో తల పెట్టాడు. కంటికి భూతద్దం పెట్టుకుని పనిచేసే మనిషికి ఎదురుగా ఉన్నది తప్ప ఇంకేదీ ఆనదు. చివరికి ఆఫీసులో ఉన్న భార్యకు ఫోన్ చేశాడు.

"అది వెచ్చటి చోటు చూసుకుని పడుకుంటుందండీ. అలాంటి చోట వెతకండి," అందామె.

వీధిలోకి పరిగెత్తాడు. పక్కింటాయన అప్పుడే ఆపిన కారు బానెట్ మీద నల్లపిల్లి ముడుచుకుని ఉంది. అమాంతం పట్టుకున్నాడు. అది చేయంతా గీరేసింది.

"బాబూ, అది కాదు, మీ వెనకాల..." అన్నాడు పక్కింటాయన.

"తర్వాత మాట్లాడదాం అంకుల్, టైం లేదు!"

బాత్‌రూమ్‌లో గడియ వేసి చూస్తే పిల్లి వీపంతా ఎర్రబారి ఉంది. "కొంప మునిగింది!" అనుకుని, చొక్కా చిరిగినా వదలకుండా రెండు గంటలు కడిగాడు, తుడిచాడు. తలుపు అవతల ఎవరో గీకుతున్న చప్పుడు. "ఇప్పుడు కాదంకుల్!" అని కేకేశాడు.

బెల్ మోగింది. పిల్లిని తువ్వాల్లో చుట్టి అత్తగారి చేతిలో పెట్టాడు.

"ఎవరి పిల్లి బాబూ ఇది?"

"మన కాటుకే అత్తయ్యా!"

"కాటుకవి రాగిరంగు కళ్ళు. దీనివి ఆకుపచ్చవి. మరి మీ కాళ్ళ దగ్గరున్నది ఎవరు?"

అతను వంగి చూశాడు. చెప్పు మీద కాటుక కూర్చుని ఉంది.

"పొద్దుట్నుంచీ మీ వెనకే తిరిగుంటుంది. ఈ జాతి గుణమే అంత, మనిషిని వదలదు," అందావిడ.

అతనికి ఏడుపొక్కటే తక్కువ. ఆరేళ్ళకు దొరికిన అవకాశం చేజారిపోయింది. ఆవిడ మాత్రం కొత్త పిల్లిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"వీధిపిల్లిని కూడా ఇంతలా మెరిపించారే! మా అల్లుడు పనిమంతుడే!"

ఆ మాట వినగానే గీతల మంట కూడా తెలియలేదు అతనికి. సాయంత్రంలోగా ఆవిడ తెలిసినవాళ్ళందరికీ ఫోన్ చేసి అల్లుడి గొప్ప చెప్పింది.

ఇప్పుడు అతని షాపుకి వాచీలకన్నా పిల్లులే ఎక్కువ వస్తున్నాయి.