మజ్జిగ గిన్నె, రెండు పాత జీపులు

ప్రయోగం చేసేవాడికి ఫలితం మీద మమకారం ఉండకూడదని ఉద్యోగం చేసినంత కాలం కాలేజీ పిల్లలకు చెబుతూ వచ్చాను. పదవీ విరమణతో ఆ నియమం కూడా విరమించిందని నేను అనుకున్నాను. మా ఆవిడ అనుకోలేదు.

ఎనభై మూడులో మాట. మేము గాజువాకలో ఉంటున్నాం. సబ్బవరం అవతల మా ఆవిడ గంగాభవానికి పుట్టింటివారిచ్చిన జీడితోట ఉంది. అక్కడికి వెళ్ళే బండిదారిలోకి లారీ రాదు. అందుచేత ఏటా దళారీ వచ్చి, తనకు తోచిన ధర చెప్పి, జీడిపిక్కలు పట్టుకుపోయేవాడు. ఈ వేసవికైనా పంటను తానే ఎలమంచిలి బజారుకు చేర్చాలని ఆమె పంతం. దానికొక పాత జీపు కావాలి.

జీపులు రెండు దొరికాయి. ఒకటి పాత ఊరి కరీం బాషా మిలిటరీ వేలంలో కొన్న పెట్రోలు జీపు. ఎన్.సి.సి. ఆఫీసరుగా అలాంటిదే నడిపినవాణ్ణి కనుక, చూడగానే నాకు వెన్ను నిటారైంది. రెండోది మా ఆవిడ పినతండ్రి కొడుకు గవర్రాజుది. స్టీలు ప్లాంటు కాంట్రాక్టు పనుల్లో ఎర్రమట్టి తిని పెరిగిన డీజిల్ జీపు. దానికి నేను ‘గేదె’ అని పేరు పెట్టాను. మొదటిదాన్ని నేను ఎంతో గౌరవంగా ప్రస్తావిస్తున్నానని ఆవిడ దానికి ‘కల్నల్ గారు’ అని పెట్టింది.

“అది యుద్ధం చూసిన బండి, భవానీ! దాని దృఢత్వం వేరు.”

“మన తోటలో యుద్ధం ఎవులితోనండీ? జీడిసెట్లతోనా?”

“నడుపుతూంటే పల్లకీలా ఉంటుంది.”

“ఆ పల్లకీ బోయీలు పెట్రోలు తాగుతారు. నాను పిక్కలమ్మిన డబ్బంతా ఆళ్ళ నోట్లో పోయాలేటి?”

వాదనతో తేలదని శాస్త్రీయమైన పరీక్ష ఒకటి ప్రతిపాదించాను. దారి ఒకటే, వేగం ఒకటే, రెండు జీపులనూ నడిపేది నేనే. వెనుక సీట్లో భవాని ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకుని, నిండుగా మజ్జిగ పోసిన గిన్నె పట్టుకుని కూర్చోవాలి. ఏ జీపులో తువ్వాలు తక్కువ తడిస్తే ఆ జీపే కొనాలి.

భవాని ఒక్క అభ్యంతరమూ చెప్పకుండా ఒప్పుకుంది. నేను అప్పుడే అనుమానించవలసింది.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం అవసరం. టైరులో గాలి ఎక్కువైతే బండి బంతిలా ఎగురుతుంది. తగ్గితే పరుపులా ఒదుగుతుంది. ముందురోజు సాయంత్రమే జీపులు రెండూ మా వాకిట్లోకి వచ్చాయి. తెల్లవారకముందే లేచి, గేదె టైర్లలోకి చెమటలు కారేలా గాలి కొట్టాను. కల్నల్ టైర్లలో కాస్త గాలి వదిలాను. ప్రకృతి నియమాలకు నా వంతు సహాయం చేశానని తృప్తిపడ్డాను.

తోటకు దారి చీలే చోట కాశమ్మ టీ దుకాణం ఉంది. జీపుల యజమానులిద్దరినీ సాక్షులుగా అక్కడ బెంచీ మీద కూర్చోబెట్టాం. ముందు కల్నల్ బయలుదేరాడు. మెత్తగానే వెళ్ళాం. అయినా అది బండిదారి కదా, తిరిగి వచ్చేసరికి తువ్వాలు సగం తడిసింది.

“పర్వాలేదు, గేదెలో ఎలాగూ వరదే” అని మనసులో అనుకున్నాను.

“మజ్జిగ నింపుకొత్తానండీ” అని భవాని దుకాణంలోకి వెళ్ళి, గిన్నె మీద పల్చటి గుడ్డ కప్పుకుని వచ్చింది. “దుమ్ము పడతంది” అంది.

గేదె ఎక్కాం. నా తల కప్పు కమ్మీకి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టడం మానేశాను. కళ్ళద్దాలు ఒళ్ళో పడ్డాయి. ఒక గోతిలో నేను సీటు వదిలి లేచి, దిగేసరికి సీటు అక్కడ లేదు. ఇంతటి అపజయాన్ని ఇంత ఆనందంగా అనుభవించినవాడు మరొకడు ఉండడు.

దుకాణం ముందు దిగి తువ్వాలు చూశాను. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

“సూసినావా బావా, నా బండి!” అని గవర్రాజు గంతేశాడు.

కరీం బాషా టోపీ తీసి తల గోక్కున్నాడు. “యా అల్లా! ఈ గేదెకి స్ప్రింగులు ఎవరు కట్టినారు సార్?”

నేను కంపనాల పౌనఃపున్యం గురించి ఆలోచించాను. ద్రవాల స్నిగ్ధత గురించి ఆలోచించాను. జీవితంలో మొదటిసారి మహిమల గురించి కూడా ఆలోచించబోతుండగా, భవాని గుడ్డ తీసి గిన్నెను తలకిందులు చేసింది. ఒక్క చుక్క పడలేదు. లోపల గడ్డపెరుగు.

“ఇది మోసం!” అన్నాను.

“ఔనండీ. నిన్న సాయంత్రం పంక్చరు షాపు నుంచి పంపు తెచ్చి మంచం కింద దాసినారు. మనింట్లో సైకిలైనా లేదు కదా అని, రాత్రే ఇంకో గిన్నెలో పాలు తోడెట్టి, పొద్దున్న కాశమ్మ కాడ దాసినాను.”

గవర్రాజు వంగి టైరు నొక్కి చూశాడు. వేలు నొప్పెట్టినట్టుంది. “ఓరి బావో!” అన్నాడు.

భవాని నా వైపు చూడలేదు. “కరీం భాయ్, మీరు సెప్పండి. తోట నుంచి బస్తాలేసుకుని ఎలమంచిలి ఎల్లాలంటే ఏది మేలు?”

కరీం బాషా తన జీపు వైపు ఒకసారి చూసుకున్నాడు. అమ్ముకోవలసిన బండి అతనిదే మరి. “అమ్మా, సరదాకైతే నాది తీసుకోండి. బస్తాలకైతే గేదె” అన్నాడు. బేరం అక్కడికక్కడే కుదిరింది.

నేను గేదె టైర్లలో అదనపు గాలి తీశాను. లేచేసరికి భవాని స్టీరింగు ముందు కూర్చుని ఉంది.

“నీకు నడపడం ఎప్పుడొచ్చింది?”

“ఇంకా రాలేదు. మీరు గోతుల్లో పడతన్నంతసేపూ మీ కాళ్ళూ సేతులే సూశాను. పెరుక్కి కాపలా ఏటుంది?”

పరిశీలనతో మొదలుపెట్టమని పిల్లలకు నేర్పింది నేనే. పక్కన ఎక్కాను.

గేదె ఒకసారి ఉలిక్కిపడి ఆగింది. రెండోసారి వెనక్కి వెళ్ళింది. కరీం బాషా టీ గ్లాసుతో సహా లేచి, బెంచీని దూరంగా జరిపాడు. మూడోసారి జీపు గుర్రుమంటూ తోటదారి పట్టింది.

“గోతులొత్తన్నాయి, గట్టిగా పట్టుకోండి” అంది భవాని.

పట్టుకున్నాను.