గుడ్లకు మంజూరైన వెచ్చదనం

నెలలు నిండకముందే ఈ లోకంలోకి రావాలని తొందరపడేవాళ్లకు ఒక సలహా. మా ఆదిలాబాద్ జిల్లాలో అయితే కోడిపిల్లగా రండి!

సర్కారు మనకేం చేసిందని గొణిగేవాళ్లు మా బ్లాకాఫీసు వెనక గదిలోకి ఒకసారి తొంగి చూడాలి. మూడో పంచవర్ష ప్రణాళిక పుణ్యమా అని అక్కడ ఇంక్యుబేటర్ వెలిసింది. అంటే, పెట్టతో పనిలేకుండా గుడ్లు పొదిగే పెట్టె. దానికి రాత్రింబవళ్లు వెలిగే గ్యాస్‌నూనె దీపం, థర్మామీటరు, కాపలాకు జవాను, పైన ఇన్‌స్పెక్టరు లింగమూర్తి. ఇంతటి సేవ ఏ దేశ్‌ముఖ్ పిల్లలకు జరిగింది, చెప్పండి?

ఎదురుగానే దవాఖాన. అక్కడ పెట్టె లేదు, డాక్టరు లేడు. కంపౌండరున్నాడు, దూది ఉంది. బ్లాకాఫీసు ఊడ్చే కిష్టవ్వ కూతురు పుష్యమాసపు చలిలో, ఏడో నెలలోనే ఆడపిల్లను కన్నది. కంపౌండరు పిల్లను దూదిలో చుట్టి కిష్టవ్వ చేతికిచ్చాడు.

"ఇంటికి తీస్కపో అవ్వా. ఇగ దేవుని దయ."

పిల్ల కాళ్లు అప్పటికే చల్లబడుతున్నాయి. కిష్టవ్వ ఏడ్చింది, కంపౌండరును నోరారా తిట్టింది, ఇంటికి మాత్రం పోలేదు. రోడ్డు దాటి లింగమూర్తి ముందు నిలబడింది.

"సారూ, గా పెట్టెల జర జాగ ఇయ్యుండ్రి."

"పిచ్చి లేచిందా అవ్వా? గా పెట్టె గుడ్లకే మంజూరైంది. ఆర్డర్ల మనుషుల మాట లేదు."

"అట్లయితే నా మనుమరాలిని గుడ్డు కిందనే రాస్కోండ్రి. గుడ్లు మల్లొస్తయి సారూ, ఇది మల్ల రాదు!"

లింగమూర్తి రూల్సు తెలిసిన మనిషే. ఆ రోజు మతి తప్పినట్టుంది. అరవై సీమకోడి గుడ్లు తీసి బయటపెట్టి, ఆ చోట పాత ధోవతి పరిచాడు. తల్లి పెట్టె పక్కనే కూచుని దూది వత్తితో పాలు చుక్క చుక్కగా పట్టింది. ఇరవై రోజులు తిరిగేసరికి పిల్ల ఆఫీసు కప్పు ఎగిరిపోయేలా ఏడవసాగింది. గుమాస్తాల నిద్ర పాడైంది. ఎంత ఘోరం!

అంతలో పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. పెట్టెలో పిల్లను చూశాడు, గుడ్లు మురిగిన సంగతి విన్నాడు. మర్నాడే మెమో! ప్రభుత్వ గుడ్లు అరవై ఎందుకు చెడిపోయాయో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. చూశారా, మా జిల్లాలో గుడ్డు పాడైతే అడిగే నాథుడున్నాడు!

లింగమూర్తి జవాబు రాయలేక తల పట్టుకున్నాడు. ఎదురుగా కంపౌండరు నిశ్చింతగా బీడీ కాల్చుకుంటున్నాడు. ఆ చలికాలం ఆయన దూదిలో చుట్టి పంపిన పిల్లలు తొమ్మిదిమంది. ఎనిమిదిమంది పోయారు. ఆయనకు ఇంతవరకు ఒక్క మెమో రాలేదు.