తప్పు గోడదే

చరిత్ర వల్ల పిల్లలకు జ్వరం గానీ, దిగులు గానీ, ముఖ్యంగా సందేహం గానీ రాకూడదని బాలల పుస్తకాల పరిశీలనా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంత మంచి ఆలోచన ఇన్నాళ్ళూ ఎవరికీ ఎందుకు తట్టలేదో! సంఘంలో ఐదుగురు పెద్దలున్నారు. పిల్లల్ని దూరం నుంచి చూసిన అనుభవం అందరికీ దండిగా ఉంది.

ఆ సంఘం ముందుకు గోడ మాస్టారి నవల వచ్చింది. ఊరి చివర కూలిన కోటగోడ గురించి ముప్పై ఏళ్ళు బడిలో చెప్పి చెప్పి ఆయనకు ఆ పేరు స్థిరపడిపోయింది. నవలా దాని మీదే. మూడువందల ఏళ్ళ కిందట శత్రువులు ఆ గోడ పగలగొడుతుంటే రాజు దొడ్డిదారిన ఉడాయించాడు. ఒక కుమ్మరి పిల్ల గంట కొట్టి ఊరిని లేపింది. జనాన్నంతా ఏరు దాటించింది గానీ తాను దాటలేకపోయింది.

మాస్టారు రాసింది రాసినట్టు తొమ్మిదేళ్ళ మనవరాలికి చదివి వినిపించేవారు. చివరి అధ్యాయం విన్నరోజు ఆ పిల్ల తిండి మానేసి ఏడ్చింది.

"తాతయ్యా, ఆ అక్క సంగతి అందరికీ తెలియాలి. ఒక్క ముక్క కూడా మార్చనని ఒట్టెయ్యి."

మాస్టారు ఒట్టేశారు.

సంఘం అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. "మాస్టారూ, మీది కలం కాదండీ, బంగారం! ఏదో చిన్న చిన్న సవరణలంతే. రాజే పారిపోయాడంటే పిల్లలకు పెద్దలంటే గౌరవం ఏముంటుంది చెప్పండి? వాహ్యాళికి వెళ్ళాడందాం."

శత్రువులన్న మాట కటువుగా ఉందని వాళ్ళను అతిథులను చేశారు. అతిథులు గోడ పగలగొట్టడం మర్యాద కాదు గనక గోడ నిలబడింది. గోడ నిలబడ్డాక గంట కొట్టి పదిమంది నిద్ర చెడగొట్టడం దేనికి? కుమ్మరి పిల్లకు గంట తుడిచే పని ఇచ్చారు. ఇక చావు మాట వచ్చేసరికి ఒక సభ్యురాలు "హవ్వ! పిల్లల పుస్తకంలోనా?" అని నోరు నొక్కుకుంది. ఆఖరి పేజీలో ఆ పిల్ల రాజుగారికి స్వాగతగీతం పాడింది.

మాస్టారు మొదటి సవరణకు కయ్యిమన్నారు. రెండోదానికి గొణిగారు. మూడోదానికి పక్కాయన కలం అరువడిగారు. అసలు అచ్చుకాకుండా పోవడం కంటే ఎలాగోలా అచ్చవడం మేలు కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నారు. మనవరాలి మొహం గుర్తొచ్చింది గానీ, అప్పటికే 'పిల్లలకు హాని లేదు' అన్న ముద్ర పడిపోయింది.

పుస్తకం అచ్చయింది. బడుల్లో పాఠ్యగ్రంథమూ అయింది. చిక్కల్లా గోడతోనే వచ్చింది. పుస్తకంలో నిక్షేపంగా నిలబడిన గోడ ఊరి చివర సిగ్గూశరం లేకుండా కూలి ఉంది. సంఘం అత్యవసరంగా సమావేశమై, గ్రంథాన్నీ గోడనూ పక్కపక్కన పెట్టి విచారించి, తప్పు గోడదేనని తేల్చింది. మేస్త్రీలు పదిరోజుల్లో దిద్దేశారు.

మనవరాలు మాత్రం తాతతో పలకడం మానేసింది. నెల తిరిగాక ఒక సాయంత్రం పరీక్ష కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. రాజుగారు ఆ రోజు ఎక్కడికి వెళ్ళిరి అన్నది ప్రశ్న. 'పారిపోయాడు. కుమ్మరి అక్క గంట కొట్టి అందరినీ బతికించి చచ్చిపోయింది. మా తాతయ్యే చెప్పాడు' అని రాసింది పిల్ల. దాని పక్కన ఎర్రటి సున్నా ఉంది. కింద 'తప్పు. పుస్తకము చూడుము. పెద్దల సంతకముతో తేవలెను' అని ఉంది.

"పెట్టు తాతయ్యా. పెద్దవాళ్ళే పెట్టాలట."

మాస్టారికి ఏడుపొచ్చింది. సున్నా కొట్టేసి పక్కన 'ఒప్పు' అని రాద్దామని కలం ఎత్తారు కూడా. మళ్ళీ ఎందుకొచ్చిన గొడవలే అనుకుని, పుస్తకం అట్ట మీద ఉన్న సంతకమే ఆ సున్నా కింద పెట్టారు. మనవరాలు కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

పాపం, ఆయన్నేమీ అనకండి. మొన్న సెలవుల్లో తమరు పిల్లాపాపలతో వెళ్ళి ఆ గోడ ముందే కదా ఫోటో దిగారు! "నాన్నా, మూడువందల ఏళ్ళ గోడకి సిమెంటు ఇంకా తడిగా ఉందేంటి?" అని మీ చిన్నవాడు అడిగితే, నోర్మూసుకుని నవ్వమన్నారు.