బొమ్మచేపల మీద సమగ్ర నివేదిక

“మనిషి విలువ అతని గాలానికి వేలాడే బొమ్మను బట్టి తెలుస్తుంది!”

ఈ మహావాక్యాన్ని పలికింది ఏ తత్వవేత్తో కాదు. మా నీటి సరఫరా ఆఫీసు పెద్దసారు. పలికిన చోటు ఆయన గది. పలికిన సమయం సోమవారం ఉదయం పదకొండు గంటలు, అంటే పని మొదలుపెట్టాలా, ఇంకో టీ తాగాలా అని ఆఫీసంతా గంభీరంగా ఆలోచించే వేళ. ఆ మాట విని పదకొండుమందిమీ తలలు ఊపాం. నేను మిగతావాళ్లకంటే రెండుసార్లు ఎక్కువ ఊపాను. దానికి కారణం ఉంది.

మా హెడ్ గుమాస్తా ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీకి చేతులున్నాయి! వెనకాల కిటికీ ఉంది, నెత్తిన సొంత ఫ్యాను ఉంది. నేనేమో పద్దెనిమిదేళ్లుగా చేతుల్లేని కుర్చీలో కూర్చుంటున్నాను. నాకొచ్చే గాలి కూడా స్టోరుకీపరుకి తగిలి, వాడు వద్దనుకున్నాక వచ్చేదే. ఆ కుర్చీ నాకా, స్టోరుకీపరుకా అన్నది పెద్దసారి చేతిలో ఉంది. పెద్దసారి చేతిలో ఈ మధ్య ఎప్పుడు చూసినా గాలం కర్ర ఉంటోంది.

కోపం తగ్గించుకోకపోతే గుండెకు మంచిది కాదని డాక్టరు ఆయనకు చేపల వేట రాసిచ్చాడు. అప్పట్నుంచీ ఆయన కోపం మా మీద తగ్గి చేపల మీద పెరిగింది. ప్రతి ఆదివారం మా రిజర్వాయరు మెట్ల మీద ఆఫీసంతా హాజరు. రిజర్వాయరు గట్టు మీద ‘ఇచ్చట చేపలు పట్టరాదు’ అని మేమే రాయించిన బోర్డు ఒకటుంది. రాసినవాడు నా బావమరిది. మొదటి వానకే ‘రాదు’ కారిపోయింది కాబట్టి చట్టప్రకారం మాకు అడ్డు లేదు.

మొదట్లో అందరం ఫుట్‌పాత్ మీద కవరుకి మూడు చొప్పున అమ్మే ప్లాస్టిక్ బొమ్మచేపలు గాలానికి కట్టుకునేవాళ్లం. కడుపు కింద ముల్లు ఉంటుంది. నిజం చేప దాన్ని చూసి, తన తమ్ముడనుకునో, ఫలహారం అనుకునో నోరు తెరుస్తుంది. ఇంతే దీని వెనకున్న శాస్త్రం. అలాంటిది ఒక ఆదివారం పెద్దసారు జేబులోంచి ముఖమల్ డబ్బా తీశారు. నీలం వీపు, ఎర్ర కడుపు, బంగారు కన్ను. సముద్రాల అవతల తయారైన సరుకు!

“చవకది కట్టడమంటే చేపని అవమానించడమేనయ్యా,” అన్నారాయన.

మరుసటి వారం స్టోరుకీపరు కూడా ముఖమల్ డబ్బా తీశాడు. ఆ తర్వాత లెక్కల గుమాస్తా. ఆ తర్వాత, కళ్లజోడు లేకపోతే చేపకీ చెప్పుకీ తేడా తెలియని మా టైపిస్టు కూడా! చివరికి చవక బొమ్మతో మిగిలింది ఇద్దరం. ఒకణ్ణి నేను. రెండోవాడు రిజర్వాయరు గేటు వాచ్‌మన్. అతనికి కుర్చీ ఆశ లేదు, ఎందుకంటే అతనికి కుర్చీయే లేదు.

ఇంట్లో మా ఆవిడతో మెల్లిగా చెప్పాను, బొమ్మచేప ఒకటి కొనాలని, దాని ఖరీదు ఫలానా అని.

“నెల సరుకుల కంటే ఎక్కువా!” అంది. “చేపలు నీళ్లలో కూర్చుని బిల్లు చదువుతాయా ఏంటి?”

“చేపల కోసం కాదే. కుర్చీ కోసం.”

“అయితే కుర్చీకే గాలం వెయ్యండి.”

అయినా పెద్దబజారులో ఆ కొట్టుకి వెళ్లాను. అద్దాల బీరువాలో, చిన్న దీపం కింద, పరుపు మీద పడుకుని ఉందది. నా చిన్నతనంలో నాక్కూడా అంత మెత్తటి పరుపు లేదు. కొట్టువాడు తెల్ల గ్లౌజులు తొడుక్కుని దాన్ని బయటికి తీశాడు.

“దీనికి చేపలు బాగా పడతాయా?” అని అడిగాను.

వాడు జాలిగా చూశాడు. “సార్, ఇది చేపల కోసం కొనే వస్తువు కాదు.”

“మరి?”

“మీ ఆఫీసు నుంచి మీరు పన్నెండోవారు సార్. మీకు నేను చెప్పాలా?”

అంటే వాచ్‌మన్ తప్ప అందరూ కొనేశారన్నమాట! ధర మళ్లీ ఒకసారి అడిగి, వాడు మళ్లీ అదే చెప్పడంతో, ఆలోచించి చెప్తానని బయటపడ్డాను.

నన్ను ఒడ్డున పడేసింది నా బావమరిదే. వాడు బోర్డులు, గుడ్డ బ్యానర్లు రాస్తాడు.

“ఇంతేనా బావా? ఫుట్‌పాత్‌ది ఒకటి పట్రా. రేపటికల్లా నీలం వీపు, ఎర్ర కడుపు, బంగారు కన్ను. ముఖమల్ డబ్బా కూడా ఇస్తా. నగల కొట్టు బోర్డు రాస్తే పాత డబ్బాలు ఓ గోతాం ఇచ్చారు.”

“ఎవరికీ తెలియకూడదురా.”

“నా వృత్తిలో రహస్యమే పెట్టుబడి బావా. ఒక్కటి గుర్తుపెట్టుకో. ఎక్కువసేపు నీళ్లలో ఉంచకు. ముంచు, తియ్యి, తుడుచుకో. రంగు కాస్త సున్నితం.”

ఆదివారం డబ్బా తెరిచేసరికి పెద్దసారు నా బొమ్మని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురులో తిప్పి చూశారు.

“ఇదీ! అసలు సరుకంటే ఇదీ! నకిలీది నా కంట్లో పడితే క్షణంలో పట్టేస్తాను,” అన్నారు. స్టోరుకీపరు మొహం మాడిపోయింది. కుర్చీ చేతులు నా మోచేతులకు తగిలినట్టే అనిపించింది.

ఇక వేట సాగే తీరు చూడాలి. పన్నెండుమందిమీ బొమ్మల్ని నీళ్లలో ముంచడం, వెంటనే తీయడం, జేబురుమాలుతో తుడవడం. ‘ఖరీదైన వస్తువు కదా, రాయికి తగిలితే ఎలా?’ అనుకోవడం. ఒక్క చేప పడితే ఒట్టు! పక్క మెట్టు మీద వాచ్‌మన్ మాత్రం రంగంతా పోయి, పళ్లగాట్లు పడ్డ తన ప్లాస్టిక్ బొమ్మని నీళ్లలోకి విసిరి, కదలకుండా కూర్చుని, అరగంటకొకటి లాగి సంచిలో వేసుకునేవాడు. అతనింట్లో ముగ్గురు పిల్లలు, భార్య, తల్లి. ఆదివారం కూర ఆ సంచిలోంచే రావాలి.

ఈ దృశ్యం పెద్దసారికి నచ్చలేదు. డాక్టరు వద్దన్న కోపం మళ్లీ వచ్చింది. సోమవారం నన్ను గదిలోకి పిలిచారు.

“ఖరీదైన బొమ్మలు, చవక బొమ్మలు. ఏవి మేలో శాస్త్రీయంగా తేల్చాలి. నివేదిక మీరు రాయండి. ముగింపు రాసుకోండి: ఖరీదైనవే మేలు. ఇక వెళ్లి పరిశోధన చెయ్యండి.”

ఇది చదివి మీరు నవ్వకూడదు. మా ఆఫీసులో ఏ నివేదికైనా ముగింపుతోనే మొదలవుతుంది. వివరాలు తర్వాత తీరిగ్గా వచ్చి ముగింపుతో సర్దుకుపోతాయి.

“నివేదిక బాగా వస్తే,” అని ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నారు, “హెడ్ గుమాస్తా సంగతి చూద్దాం.”

ఆ ఉత్సాహంలో నేను కొంప ముంచుకున్నాను. పరీక్షా విధానం రాయాలి కదా? నీటి పరీక్షలకు ఏళ్ల తరబడి వాడుతున్న పాత కాగితం తీసి ఉన్నదున్నట్టు ఎక్కించేశాను: ‘నమూనాను మూడు గంటలపాటు కదల్చకుండా నీటిలో ఉంచవలెను.’ పెద్దసారు చదవకుండా సంతకం పెట్టారు. చదవకుండా పెట్టడమే ఆ సంతకానికున్న గౌరవం. నకళ్లు పంచాక స్టోరుకీపరు ఆ వాక్యం చదివి నా వైపు చూశాడు. నేను వాడి వైపు చూశాను. మూడు గంటలు! సంతకం పడ్డాక కాగితం మార్చడం బ్రహ్మ తరం కూడా కాదు. పైగా ఎందుకు మార్చాలి అని ఎవరైనా అడిగితే? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే అవుతుంది. నకళ్లు మడిచి ఎవరి సొరుగులో వాళ్లం పెట్టేసుకున్నాం. పెద్దసారు కూడా ఆ సాయంత్రం నకలు చదివి, నా బల్ల దాకా వచ్చి, ఏదో అనబోయి, “విధానం చాలా బాగుంది,” అని వెళ్లిపోయారు.

పరీక్ష రోజు. ఒకవైపు పన్నెండు ఖరీదైన బొమ్మలు. రెండోవైపు చవక వర్గం తరఫున ఒకే ఒక్క వాచ్‌మన్. ఏడింటికి అందరం నీళ్లలోకి వేశాం. మొదటి గంట ఏమీ కాలేదు. రెండో గంటలో నా దారం చుట్టూ ఎర్రటి తీగొకటి సాగింది. నేను కాలుతో నీళ్లు కలియబెట్టాను. తలెత్తి చూస్తే పక్కన స్టోరుకీపరు కూడా కాలుతో కలుపుతున్నాడు. అవతల లెక్కల గుమాస్తా! అందరి కాళ్లూ నీళ్లలోనే ఉన్నాయి. పెద్దసారి ముందున్న నీళ్లయితే ఎవరో కుంకుమ కడిగినట్టున్నాయి. ఆ ఎరుపు నాకు బాగా తెలుసు. గట్టు మీది బోర్డు నుంచి వానకి కారింది ఈ ఎరుపే.

“ఈ నీళ్లలో ఏదో ఉంది!” అని అరిచారు పెద్దసారు.

మరుక్షణం ఆయనకి గుర్తొచ్చింది. ఈ నీళ్లు నిర్మలమైనవి, రంగు లేనివి అని నెలనెలా సంతకం పెట్టేది తానే.

“అంటే ఎండ. ఎండ అలా పడుతోంది.”

“అవును సార్, ఎండే,” అన్నాం పదకొండుమందిమీ. ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

“కాదయ్యగారూ,” అన్నాడు వాచ్‌మన్ అమాయకంగా, ఐదో చేపని సంచిలో వేసుకుంటూ. “మీ బొమ్మలు రంగు దిగుతున్నాయండీ.”

మూడు గంటలు అయ్యీ కాగానే తేలు కుట్టిన దొంగల్లా ఎవరి బొమ్మని వాళ్లం కుడి గుప్పిట్లో మూసుకున్నాం. సెలవు తీసుకునేటప్పుడు ఒకరికొకరం ఎడమచేత్తో నమస్కారాలు పెట్టుకున్నాం.

ఇంటికొచ్చి బావమరిదిని నిలదీశాను. “ఒరేయ్, పన్నెండూ నువ్వేనా?”

“పన్నెండూ నేనే. పదకొండింటికి కూలి తీసుకున్నా. నీది మాత్రం అక్క మొహం చూసి ఊరికే చేశా. ఆ గొడవ మొదలుపెట్టింది మీ పెద్దసారే బావా, మొదటి బేరం ఆయనదే.”

“మరి అసలుది కొన్నదెవర్రా?”

“ఎవరు కొంటారు? అద్దం వెనకాల అలాగే ఉందిగా. మీరంతా వరసగా వెళ్లి చూసొచ్చిందే అది.”

మా ఆవిడ వంటింట్లో నవ్వు ఆపుకోలేక గిన్నె జారవిడిచింది.

సోమవారం పెద్దసారు కుడిచెయ్యి జేబులోంచి తీయకుండానే నివేదిక చెప్పారు. నేను ఎంత తోమినా ఎరుపు వదలని కుడిచెయ్యి బల్లకింద పెట్టుకుని ఎడమచేత్తో రాసుకున్నాను. ఒకరి చేతి గురించి ఒకరం అడగలేదు. అంత మర్యాదస్తులం. పద్నాలుగు పేజీల సారం ఇది: చవక బొమ్మకు ఐదు చేపలు పడటం ఆ చేపల స్థాయిలేమికి నిదర్శనం. ఖరీదైన బొమ్మలకు ఒక్కటీ పడకపోవడం ఆ బొమ్మల ఎంపిక శక్తికి నిదర్శనం. ఉన్నత శ్రేణి చేపలు తొందరపడి నోరు తెరవవు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లేదా అని మీరు అడగవచ్చు. ప్రభుత్వ భాషలో దాన్ని విశ్లేషణ అంటారు.

“ఇంకొక్క పేరా,” అన్నారు పెద్దసారు. “నాణ్యత లేని బొమ్మలతో ఈ రిజర్వాయరులో చేపలు పట్టడం నేటి నుంచి నిషేధం.”

నా పెన్ను ఆగింది. రంగు వేయని బొమ్మతో గట్టు మీదికి వచ్చేది ఒక్కడే. మా పన్నెండుమందిలో తన బొమ్మ చవకదని చెప్పే ధైర్యం ఎవడికీ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన ఒకే ఒక్కడి నోటి దగ్గరి కూరని నా చేత్తో కొట్టేస్తున్నాను. సిగ్గేసింది. అబద్ధం చెప్పను, నిజంగానే సిగ్గేసింది. ‘సార్, వాచ్‌మన్ పిల్లలు...’ అని నోటిదాకా వచ్చింది.

“ఏమయ్యా, ఆగారు? స్టోరుకీపరుని పిలవమంటారా?”

రాసేశాను.

ఒకటో తారీఖున చేతులున్న కుర్చీలో కూర్చున్నాను. మొట్టమొదట నా మోచేతుల కింద నుంచి వెళ్లిన ఉత్తర్వు అదే. ఒక ఆదివారం గడిచాక వాచ్‌మన్ దాన్ని మడిచి పట్టుకుని వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. అతను జేబులోంచి పళ్లగాట్ల బొమ్మ తీసి నా బల్ల మీద పెట్టాడు.

“అయ్యా, మీ బావమరిదిగారితో చెప్పి దీనికీ కాస్త రంగేయించండి. చేప మానేస్తే పిల్లలు అన్నం ముట్టట్లేదు.”

“నీకెవరు చెప్పారయ్యా, మా బావమరిది సంగతి?”

“ఒకరు చెప్పాలా అయ్యా? బోర్డు రంగు, బొమ్మల రంగు ఒకటేగా. గట్టు మీద కాపలా ఉండేది నేనేగా.”

రంగు వేయించాను. డబ్బా కూడా ఇప్పించాను. ఆదివారం అతను ముఖమల్ డబ్బా తెరవగానే పెద్దసారి మొహం వెలిగిపోయింది.

“చూశారా? ఒక్క నివేదిక అట్టడుగు ఉద్యోగిని ఎక్కడికి తీసుకెళ్లిందో! రావయ్యా, ఇలా వచ్చి మా మెట్టు మీద కూర్చో!”

అతను మా మధ్య ఒదిగి కూర్చున్నాడు. ముంచాడు. రంగు పోతే ఉత్తర్వు మీద పడుతుందని భయపడి వెంటనే తీశాడు, తుడుచుకున్నాడు. మళ్లీ ముంచాడు. మేమూ ముంచాం, తీశాం, తుడుచుకున్నాం. మధ్యాహ్నందాకా, రిటైరైనా ఆదివారం మానని పాత హెడ్ గుమాస్తాతో కలిపి, పదమూడు మందిలో ఒక్కరికీ చేప పడలేదు.

పెద్దసారు అతని భుజం తట్టి, “ఇప్పుడు నువ్వు మాలో ఒకడివయ్యా!” అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

వాచ్‌మన్ ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

“అయ్యా, ఇంటికెళ్లి పిల్లలకేం చెప్పమంటారు?”

నా చంకలో పద్నాలుగు పేజీల నివేదిక ఉంది. ఆ ప్రశ్నకు జవాబు అందులో లేదు.